మిలిటరీ ట్రక్కు కొనేవారికి: ముందు కాగితం, తర్వాత బ్రేకు, చివర ఇంజను

మా ట్రక్కు హెడ్‌లైట్లు వెలిగించడానికి మొదటిరోజు నాకు పావుగంట పట్టింది. డాష్‌బోర్డు మీద మూడు లీవర్ల స్విచ్ ఒకటి ఉంటుంది. పెద్ద లీవరు ఒకవైపు తిరుగుతుంది, రెండోవైపు రాయిలా బిగుసుకుపోతుంది. తుప్పు పట్టిందేమోనని ప్లయర్ తేబోయాను. అమ్మిన పెద్దాయన నవ్వి, కింద ఎడమపక్కనున్న బుల్లి లీవరును వేలితో పైకెత్తి పట్టుకుని, అప్పుడు పెద్దదాన్ని తిప్పాడు. లైట్లు వెలిగాయి. చీకట్లో, శత్రువు దగ్గర్లో ఉండగా, ఎవరి చెయ్యో తగిలి పొరపాటున లైట్లు వెలగకూడదని పెట్టిన గొళ్ళెం అది.

ఇంకో సంగతి కూడా ఆయనే చెప్పాడు. ఆ స్విచ్ ఆఫ్‌లో ఉంటే బ్రేకు లైట్లు కూడా వెలగవు. పట్టపగలు నడిపినా దాన్ని ‘స్టాప్ లైట్’ దగ్గర పెట్టుకోవాలి. ఇది తెలియక హైవే ఎక్కితే వెనకున్నవాడికి మనం ఆగుతున్నట్టు తెలియదు. ఈ బండ్లతో వ్యవహారమంతా ఇలాగే ఉంటుంది. మనకు తెలిసిన కారు అలవాట్లేవీ ఇక్కడ పనికిరావు.

నేనుండేది డల్లాస్ పక్కన. వారమంతా కంప్యూటరు ముందు కూర్చునే పని, శని ఆదివారాలు గ్రీజు పని. ఈ నాలుగేళ్లలో మన తెలుగువాళ్లు చాలామందే అడిగారు, ‘నేనూ ఒకటి కొందామనుకుంటున్నా’ అని. అందరూ మొదట అడిగే ప్రశ్న ఒకటే: ఇంజను ఎలా ఉందో ఎలా తెలుస్తుంది? నా అనుభవంలో అది ఆఖరున అడగాల్సిన ప్రశ్న. ఈ ట్రక్కుల ఇంజను చెడితే బండి ఆగిపోతుంది, అంతే. బ్రేకు చెడితే ఆగదు. కాగితం లేకపోతే అసలు రోడ్డే ఎక్కదు. అందుకని ఆ వరసలోనే చెప్తాను.

ఏ ట్రక్కు కొనాలి

అమెరికా సైన్యం వదిలించుకున్న ట్రక్కుల్లో అభిరుచిపరుల చేతికి ఎక్కువగా వచ్చేవి మూడు కుటుంబాలు.

మొదటిది ఎమ్35ఏ2. రెండున్నర టన్నుల ట్రక్కు కాబట్టి అందరూ ‘డ్యూస్ అండ్ హాఫ్’ అంటారు, ముద్దుగా డ్యూస్. ఈ వంశం 1950 ప్రాంతంలో రియో కంపెనీ డిజైనుతో మొదలైంది. వియత్నాం యుద్ధంలో సామాను మోసిన ట్రక్కుల్లో ఇవే ముఖ్యం. రెండున్నర టన్నులన్నది రోడ్డు లేని చోట మోసే బరువు, రోడ్డు మీద ఐదు టన్నులు మోస్తుంది. ఖాళీ బండే 13,000 పౌండ్లు, అంటే దాదాపు 6 టన్నులు. ఇంజను 7.8 లీటర్ల ఆరు సిలిండర్ల ‘మల్టీఫ్యూయల్’. ఐదు గేర్లు, పవర్ స్టీరింగ్ లేదు, తాళంచెవి లేదు, ఏసీ మాట ఎత్తొద్దు.

రెండోది ఐదు టన్నుల ఎమ్939 కుటుంబం. 1980లలో వచ్చింది. కమిన్స్ ఇంజను, ఆలిసన్ ఆటోమేటిక్ గేర్‌బాక్స్, పవర్ స్టీరింగ్, పూర్తి ఎయిర్ బ్రేకులు. నడపడం డ్యూస్ కంటే సులువు. ప్రతి స్పేరు పార్టూ ఇంకా బరువు, ఇంకా ఖరీదు. సైన్యంలో ఉన్నప్పుడే ఇవి బోల్తాపడుతున్నాయని తర్వాత యాంటీలాక్ బ్రేకులు అమర్చారు. కొనేది ఏదైనా ఆ కిట్ ఉందో లేదో చూసుకోండి.

మూడోది ముక్కు లేని, చదరపు క్యాబిన్ ఎమ్1078. ఇంజను మీదే క్యాబిన్ కూర్చుంటుంది. క్యాటర్‌పిల్లర్ ఇంజను, టైర్లలో గాలి లోపల కూర్చునే తగ్గించుకునే, పెంచుకునే ఏర్పాటు. దీని తొలి బండ్లు మా టెక్సాస్‌లోనే, సీలీ ఊళ్లో తయారయ్యాయి. దీనిమీద గది కట్టి దేశమంతా తిరిగేవాళ్లున్నారు. కానీ ఎలక్ట్రానిక్స్ ఎక్కువ. సుత్తి, స్పానరు మనిషికి ఇది మొదటి బండి కాదు.

నా సలహా అడిగితే మొదటి బండిగా డ్యూసే. లోపల ఏం జరుగుతోందో కంటికి కనిపించే యంత్రం అది. కింద చెప్పేదంతా దాని గురించే.

ముందు కాగితం

సైన్యం వద్దన్న వస్తువులను వదిలించే బాధ్యత రక్షణశాఖలో డీఎల్ఏ డిస్పోజిషన్ సర్వీసెస్ అనే విభాగానిది. చక్రాలున్న సరుకు ఎక్కువగా గవ్‌ప్లానెట్ అనే ఆన్‌లైన్ వేలంలో కనిపిస్తుంది. పాట గెలిచాక ధర మీద కొనుగోలుదారు ప్రీమియం, పన్ను కూడా పడతాయి. ‘ఉన్నది ఉన్నట్టు, ఉన్నచోటే’ అన్నది షరతు. తర్వాత ఫిర్యాదులుండవు. ఇచ్చిన గడువులోగా తీసుకుపోవాలి, దానికీ ముందే అపాయింట్‌మెంట్ తీసుకోవాలి.

లిస్టింగులో రెండు మాటలు వెతకండి. ఒకటి ఎస్ఎఫ్-97. రాష్ట్రం దగ్గర టైటిల్, అంటే బండి మనదేనన్న యాజమాన్య పత్రం, తెచ్చుకోవడానికి ప్రభుత్వం ఇచ్చే ధ్రువపత్రం ఇది. చేతికి రావడానికి వారాలు పడుతుంది. దాని మీద రోడ్డుకు పనికిరాదన్న ముద్ర ఉంటే కొన్ని రాష్ట్రాల్లో మీ పని అయిపోయినట్టే. రెండోది ఎండ్ యూజ్ సర్టిఫికెట్. బండిని ఎవరు, ఎక్కడ, ఎందుకు వాడతారో రాసిచ్చి అనుమతి పొందితే గానీ సరుకు వదలరు. దీనికీ ఓపిక కావాలి. ‘కొని ఇండియాకి పంపిస్తే ఎలా ఉంటుంది, మా ఊరి జాతరలో తిప్పొచ్చు’ అని ఒక స్నేహితుడు అడిగాడు. సైనిక సామగ్రి ఎగుమతికి లైసెన్సులు వేరే ఉన్నాయి. ఆ ఆలోచన మానుకోమన్నాను.

వేలంలో కొనే ధైర్యం లేక నేను ఒక ప్రైవేటు మనిషి దగ్గర కొన్నాను. టైటిల్ అప్పటికే ఉంది. నాలుగు డబ్బులు ఎక్కువైనా మొదటిసారికి అదే మేలని ఇప్పటికీ అంటాను. ఒక్కటి మరిచిపోకండి: డాష్‌బోర్డు మీది డేటా ప్లేటులో ఉన్న సీరియల్ నంబరూ, టైటిల్ మీది నంబరూ అంకె అంకె పోల్చండి. ఒక్క అంకె తేడా ఉన్నా డబ్బు జేబులోంచి తీయకండి.

డబ్బు కట్టకముందే మూడు ఫోన్లు చేయండి. ఇన్సూరెన్సుకు ఒకటి. అందరూ ఇవ్వరు, పాత వాహనాలకిచ్చే కంపెనీలను వెతకాలి. మీ రాష్ట్రం మోటారు వాహనాల ఆఫీసుకు ఒకటి. టెక్సాస్‌లో మాజీ సైనిక వాహనాలకు వేరే ప్లేటు ఉంది, కానీ దాంతో ప్రదర్శనలకూ పరేడ్‌లకూ వెళ్లొచ్చుగానీ ఇసుక తోలుకోకూడదు. 26,000 పౌండ్లు దాటే తరగతి బండికి లైసెన్సు సంగతీ అక్కడే అడగండి. ఐదు టన్నులవి ఆ గీత దాటుతాయి. మూడో ఫోను మీ కాలనీ హెచ్ఓఏకి, అంటే ఇళ్ల యజమానుల సంఘానికి. అసలు అది చేయక్కర్లేదు, జవాబు మీకు తెలుసు. మా వీధిలో చెత్తడబ్బా ఒక రోజు ఎక్కువ బయట ఉంటేనే ఉత్తరం వస్తుంది. అందుకే ఊరికి గంట దూరంలో ఒక రైతు దగ్గర షెడ్డు అద్దెకు తీసుకున్నాను.

చూడ్డానికి వెళ్లినరోజు

పాత బట్టలు, టార్చిలైటు, ఒక అట్టముక్క తీసుకెళ్లండి. అట్టముక్క నేలమీద పరుచుకుని ముందు బండి కిందికి దూరండి. అమ్మేవాడు ఇంజను స్టార్టు చేసి చూపిస్తానంటాడు. టర్బో ఈల వేస్తుంది, మనసు అక్కడే పోతుంది. అందుకే ఆ ముచ్చట చివరికి.

కిందనుంచి ప్రతి చక్రం లోపలి ముఖం మీద టార్చి వేయండి. టైరు లోపలి గోడ మీద తడి చారలు కనిపిస్తే రెండు అనుమానాలు: చక్రం దగ్గరి బ్రేకు సిలిండరు కారుతూ ఉండాలి, లేదా హబ్ సీలు పోయి ఇరుసులోని గేరాయిలు బయటికి వస్తూ ఉండాలి. గేరాయిలైతే వేలికి జిగురుగా, వాసనగా తెలుస్తుంది. అది బ్రేకు లైనింగు మీద పడితే ఆ చక్రానికి బ్రేకు లేనట్టే. ముందు చక్రాల దగ్గర స్టీరింగు తిరిగే కీలు మీద రబ్బరు బూట్లుంటాయి. చిరిగి ఉంటే బేరంలో తగ్గించమనండి.

టైరు పక్కన తయారీ వారం, సంవత్సరం అంకెల్లో ఉంటాయి. ట్రెడ్ నిండుగా కనిపించినా పాతికేళ్ల టైరైతే అది అలంకారమే. పది టైర్లు, పైన స్పేరొకటి. కొత్తవి వేయించాలంటే ఒక్కోసారి బండి ధర అంత అవుతుంది.

ఇప్పుడు క్యాబిన్‌లోకి. ఇంజను ఆపి ఉండగా, బ్రేకుకు బలమిచ్చే గాలి ట్యాంకులు ఖాళీగా ఉన్నప్పుడు, బ్రేకు పెడలు తొక్కి పట్టుకోండి. మెల్లగా కిందికి జారుతూ పోతే ఎక్కడో కారుతోంది. తర్వాత ఇంజనాయిల్ డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి. గుర్తు కంటే ఎక్కువ ఉండి డీజిల్ వాసన వేస్తే ఇంధనం లోపలికి చేరుతోంది. ఇంజెక్షన్ పంపు దగ్గర ఎఫ్‌డీసీ అనే భాగం ఒకటి ఉంటుంది. రకరకాల ఇంధనాలకు తగ్గట్టు మోతాదు సర్దడం దాని పని, కారడం దాని స్వభావం. చాలామంది దాన్ని బైపాస్ చేసేస్తారు.

అప్పుడు స్టార్టు చేయమనండి. గాలి ఒత్తిడి చూపే ముల్లు లేచేదాకా బజరు చెవులు చిల్లులు పొడుస్తుంది. 60 పీఎస్ఐ దాటాక ఆగాలి. 100 దాటాక ఇంజను ఆపించి ముల్లు ఎంత వేగంగా పడుతోందో చూడండి. కళ్లముందే పడిపోతుంటే సబ్బునీళ్లతో వెతకాల్సిన లీకులున్నాయి. ఇంజను ఆపేది తాళంతో కాదు, ‘ఇంజన్ స్టాప్’ అన్న పిడి లాగి. ఆ పిడి బిగుసుకున్నా, లాగినా ఇంజను ఆగకపోయినా, ఆ బండిని నడపకండి. డీజిల్ ఇంజను అదుపు తప్పి వేగం పెరిగితే దాన్ని ఆపడానికి మొదట లాగేది అదే. అదీ పనిచేయకపోతే అని నేను క్యాబిన్‌లో ఎప్పుడూ ఒక మందపాటి చెక్కపలక ఉంచుతాను, గాలి లోపలికి పోయే గొట్టం మూయడానికి. ఇంతవరకు వాడలేదు.

ఇంటికి తేవడం

‘నడుపుకుంటూ వచ్చేస్తా’ అనకండి. ఏళ్ల తరబడి కదలని బండిని కొన్న గంటలోనే హైవే ఎక్కించినవాళ్ల కథలు వినడానికి బాగుంటాయి. లోబెడ్ ట్రెయిలరు మాట్లాడుకోండి. ఎత్తు, బరువు ముందే చెప్పండి. గుడారం ఇనుప కమ్మీలు విప్పి, విండ్‌షీల్డు ముందుకు వాల్చితే ఎత్తు బాగా తగ్గుతుంది.

పొలంలో పాతుకుపోయిన బండైతే ముందు గ్రీజు, ఓపిక రెండూ కావాలి. బ్రేకు డ్రమ్ములకు లైనింగు అతుక్కుని చక్రాలు తిరగవు. క్లచ్ ప్లేటు ఫ్లైవీలుకు అతుక్కుని, పెడలు తొక్కినా గేరు పడదు. ట్రాక్టరుకు గొలుసు కట్టి ఒక్క ఊపున లాగితే ఇరుసు విరుగుతుంది, గొలుసు తెగి వచ్చి మనిషికి తగులుతుంది. ఒక్కో చక్రమే జాకీ మీద ఎత్తి, డ్రమ్ము చుట్టూ సుత్తితో తట్టి విడిపించుకోండి. చక్రాల మీద లాక్కుపోవాల్సి వస్తే ప్రొపెల్లర్ షాఫ్టులు, అంటే ఇరుసులను తిప్పే పొడవాటి కడ్డీలు, విప్పేయాలి. ఇంజను ఆగి ఉండి చక్రాలు తిరుగుతుంటే గేర్‌బాక్సుకు ఆయిలు అందక లోపల కాలిపోతుంది.

బ్రేకులు: ఇక్కడ తొందరపడొద్దు

డ్యూస్ బ్రేకులు పూర్తి ఎయిర్ బ్రేకులు కావు. పెడలు తొక్కితే మాస్టర్ సిలిండర్ నుంచి ద్రవం వెళ్తుంది, ఛాసిస్ మీద ఉన్న ఎయిర్‌ప్యాక్ గాలి బలంతో దాని ఒత్తిడి పెంచుతుంది, ఆ ద్రవం ఆరు డ్రమ్ములకూ పోతుంది. కీలకం ఏంటంటే, అన్నిటికీ లైను ఒక్కటే. ఇప్పటి కార్లలో రెండు సర్క్యూట్లుంటాయి, ఒకటి పోతే రెండోది ఆదుకుంటుంది. ఇక్కడ ఒక్క రబ్బరు గొట్టం పగిలితే ఆరు చక్రాల బ్రేకులూ పోతాయి. మిగిలేది హ్యాండ్ బ్రేకు. అదీ చక్రాలకు కాదు, ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు వెనక ఇరుసులకు ఇంజను బలం పంచే పెట్టె) వెనక ఒక్క డ్రమ్మును పట్టుకుంటుంది. బండిని నిలబెట్టడానికే అది, పరుగెత్తే 6 టన్నుల్ని ఆపడానికి కాదు.

అందుకని నేను కొన్నాక ఇంజను కవరు కూడా తీయలేదు. రెండు నెలలు బ్రేకు పనే. రబ్బరు గొట్టాలన్నీ, చూడ్డానికి బాగున్నవి కూడా, కొత్తవి వేశాను. చక్రాల సిలిండర్లు మార్చాను. మాస్టర్ సిలిండర్ నేల కింద ఉంటుంది, క్యాబిన్ ఫ్లోరులోని చిన్న మూత తీసి ద్రవం పోయాలి. సైన్యం 1980లలో సిలికోన్ ద్రవానికి, అంటే డాట్ 5కి మారింది. ఊదా రంగులో ఉంటుంది. షాపులో మామూలుగా దొరికే డాట్ 3, డాట్ 4 దీంతో కలపకూడదు. లోపల ఏముందో తేలకపోతే మొత్తం ఖాళీ చేసి, కడిగి, ఒకే రకం పోయండి. సిలికోన్ నీటిని పీల్చదు కాబట్టి లోపల చేరిన చెమ్మ పల్లంలో నీటిబొట్టుగా నిలిచి అక్కడే తుప్పు పట్టిస్తుంది. అందుకే రెండు మూడేళ్లకోసారి కొంత ద్రవం వదలాలి.

బ్రేకు గొట్టాల్లో చేరిన గాలి తీసే రోజు మా బావమరిది వచ్చాడు. వాడు పైన పెడలు, నేను కింద సీసా, పైపు. ‘తొక్కు’, ‘పట్టుకో’, ‘వదులు’ అని అరుస్తూ మధ్యాహ్నమంతా గడిచింది. నాలుగో చక్రం దగ్గర ‘బావా, ఇక్కడ పెడలు గట్టిపడింది, కానీ ద్రవం డబ్బా ఖాళీ అయింది చూసుకున్నావా?’ అన్నాడు. చూసుకోలేదు. గాలి మళ్లీ లోపలికి పోయింది. మొదటినుంచి మొదలు. ఇద్దరు చాలరు, డబ్బా చూసేందుకు మూడోవాడు కావాలి.

రెండు సర్క్యూట్లుగా విడగొట్టే కిట్లు దొరుకుతాయి. కుటుంబాన్ని ఎక్కించుకుని తిరగాలనుకుంటే ఆ ఖర్చు పెట్టండి.

చక్రాలు

ఎడమవైపు చక్రాల నట్లకు మర ఎడమకు ఉంటుంది. అంటే వదులు చేయాలంటే కుడివైపు తిప్పాలి. నేను ఆరడుగుల పైపు తగిలించి, మొత్తం బరువు వేసి, గంటసేపు బిగించుకున్నాను. రెండు స్టడ్లు విరిగాక గానీ వాటి చివరన చెక్కిన ‘ఎల్’ కనిపించలేదు.

వెనక జంట చక్రాల్లో లోపలిదానికి ఒక నట్టు, దానిమీద బయటిదానికి ఇంకో నట్టు. బయటివి బిగించేస్తే లోపలివి బిగిసినట్టు కాదు. బయటివి వదులు చేసి, లోపలివి బిగించి, మళ్లీ బయటివి బిగించాలి. చక్రం, టైరు కలిపి వంద కిలోల దగ్గరుంటుంది, ఒంటరిగా ఎత్తబోకండి.

టైరును రిమ్ము మీద పట్టి ఉంచేది ఒక ఇనుప లాక్ రింగు. గాలి కొడుతుండగా అది సరిగా కూర్చోకపోతే ఫిరంగిగుండులా లేస్తుంది, ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. గాలి బాగా తగ్గిన టైరుతో నడిపి ఉంటే అలాగే గాలి కొట్టొద్దు. విప్పి రింగు చూసుకుని, ఇనుప బోనులో పెట్టి, దూరంగా నిలబడి కొట్టాలి. ఇది ఒక్కటీ ఇంట్లో నేర్చుకునే పని కాదు. పెద్ద ట్రక్కుల టైర్ల షాపుకు తీసుకెళ్లండి.

మొదటి స్టార్టు, ఆ తర్వాత

కొత్త బ్యాటరీలు రెండు, ఒకటి వెనక ఒకటి, మొత్తం 24 వోల్టులు. ఫోను చార్జరు కోసం ఒక్క బ్యాటరీ నుంచి 12 వోల్టులు లాగకండి, రెండూ అసమానమై తొందరగా చస్తాయి. చిన్న కన్వర్టరు పెట్టుకోండి.

పాత డీజిలు దించేయండి. ట్యాంకు 50 గ్యాలన్లు, డబ్బాలు ఎక్కువ తెచ్చుకోండి. మూడు ఇంధన ఫిల్టర్లు, రెండు ఆయిలు ఫిల్టర్లు మార్చండి. ఆయిలు 20 లీటర్ల పైచిలుకు పడుతుంది. స్విచ్ వేస్తే ట్యాంకులోంచి పంపు గుయ్‌మనే శబ్దం రావాలి. రాకపోతే ముందు అది చూడండి. తర్వాత స్టాప్ పిడి పూర్తిగా లాగి ఉంచి, ఇంజను అంటుకోకుండా కొద్దికొద్దిగా తిప్పండి. ఆయిలు ప్రెషరు ముల్లు లేచాక పిడి లోపలికి తోసి స్టార్టు చేయండి. ఏళ్లుగా ఎండిన బేరింగులకు ఇది చాలా అవసరం.

మల్టీఫ్యూయల్ అంటే డీజిలు, కిరోసిన్, జెట్ ఇంధనం, తప్పనిసరైతే పెట్రోలు కూడా తాగుతుందని అర్థం. వాడేసిన వంటనూనె పోసి నడిపే ఘనులూ ఉన్నారు. నేను డీజిలే పోస్తాను. గాలన్‌కు 10 మైళ్లు వస్తే అదృష్టం, నూనెతో మిగిలేదంతా ఫిల్టర్లకే పోతుంది. ఈ ఇంజనుకు హెడ్ గాస్కెట్టు బలహీనత ఉంది. ఎక్కుడు దారిలో తొక్కిపట్టి నడిపితే పొగగొట్టం వేడి పెరిగి ఆ గాస్కెట్టే పోతుంది. ఆ వేడి చూపే మీటరు ఒకటి బిగించుకోండి. 55 మైళ్లు దాటించాలని చూడొద్దు. చెవులకు ప్లగ్గులు తప్పవు.

ప్రతి పనికీ ఆధారం సైన్యం సొంత మాన్యువల్. నడిపేవాడికి టీఎమ్ 9-2320-361-10, మరమ్మతుకు అదే నంబరు చివర 20. ఇంటర్నెట్‌లో ఊరికే దొరుకుతాయి. ఏ కీలుకు ఎప్పుడు గ్రీజు కొట్టాలో బొమ్మతో సహా ఉంటుంది. మనుషుల సాయం కావాలంటే 1976 నుంచి నడుస్తున్న ఎమ్‌వీపీఏ అనే సైనిక వాహనాల సంఘం ఉంది. మిజోరిలోని ఇండిపెండెన్స్ దాని కేంద్రం.

నిలబెట్టి ఉంచితే ఈ బండ్లు పాడవుతాయి. నేను రెండు వారాలకోసారైనా 20 మైళ్లు తిప్పుతాను, అన్ని ఆయిళ్లూ వేడెక్కేదాకా. తిరిగొచ్చాక మూడు నాలుగు నిమిషాలు నిదానంగా నడవనిచ్చి, టర్బో చల్లబడ్డాక స్టాప్ పిడి లాగుతాను. గాలి ట్యాంకుల కింది కుళాయిలు విప్పి నీళ్లు వదులుతాను, మా దగ్గర ఎండాకాలం ఉక్కలో గ్లాసెడు వస్తాయి. బ్యాటరీ తీగ విప్పి, చక్రాలకు చెక్కలు పెడతాను. తాళంచెవి లేని బండి కదా, సైన్యంలో చేసినట్టే స్టీరింగులోంచి గొలుసు వేసి తాళం కప్ప పెడతాను. ఆ కప్ప తాళంచెవులు రెండూ ఒకే గుత్తికి ఉంచకండి. గొలుసు తెంపడానికి కట్టరు కొనాల్సి వస్తుంది. నా దగ్గర ఇప్పుడు ఒక కట్టరుంది.